నువ్వేటి తెచ్చిత్తావు?

కవిటి మండలంలో, కొబ్బరితోటల నడుమ ఒక పెంకుటిల్లు. అరుగు మీద నులకమంచం, మంచం మీద ఆ ఇంటాయన. ముందు రోజే డయాలసిస్ చేయించుకుని వచ్చాడు. చేతికి వేసిన ప్లాస్టరు ఇంకా తియ్యలేదు. నేను ట్రైపాడ్ నిలబెట్టి, ఆయన చొక్కాకి మైకు తగిలించి, వెలుతురు చాలుతుందా లేదా అని చూసుకుంటున్నాను. 2017 సంగతి, తిత్లీ తుపానుకి ముందు ఏడాది. ఆయన భార్య గడప పక్కన కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. చాలాసేపు నా వంకే చూసి, కత్తి పక్కన పెట్టి అడిగింది.

"బాబూ, మొన్నొచ్చినోలు రగతం తీసుకెల్లినారు. అంతకుముందొచ్చినోలు ఉచ్చ పట్టుకెల్లినారు. ఇంకోలు నూతిలో నీల్లు సీసాల్లో పట్టుకెల్లినారు. ఒక్కలూ కాయితం తెచ్చి ఇవ్వనేదు. ఇప్పుడు నువ్వు బొమ్మ తీసుకెల్తన్నావు. నువ్వేటి తెచ్చిత్తావు?"

ఆ మాటలో కోపం లేదు. సంతలో కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "మీ బాధ ప్రభుత్వానికి తెలుస్తుందమ్మా" అన్నాను. ఆమె తల ఊపి మళ్లీ ఈనెలు తియ్యడంలో పడింది. ఆ రోజు నేను గంటన్నర తీశాను. దాన్లో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా స్పష్టంగా వినిపించేది, మైకు ఆయన చొక్కాకే ఉన్నా దూరం నుంచి చిన్నగా రికార్డయిన ఆమె ప్రశ్న.

ఉద్దానం అంటే ఉద్యానవనం. ఆ మాటే నోళ్లలో నలిగి ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో రైల్లోంచి చూసినవాళ్లకి కనిపించేది ఆ పేరుకి తగ్గ పచ్చదనమే: కొబ్బరి, జీడి, పనస. ఆ చెట్ల కింద బతికేవాళ్లలో చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పని మానేస్తాయి. ఎక్కువగా ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి. నీళ్లలో ఏదో ఉందన్నారు, మట్టిలో అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి చాలినన్ని నీళ్లు తాగకపోవడం అన్నారు, వంశంలో ఉందన్నారు. ఏ ఒక్క కారణానికీ ఇప్పటికీ తుది ముద్ర పడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకి ఇలాంటి జబ్బే. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కోతవాళ్లకి ఇలాంటి జబ్బే. నికరాగువాలో చిచిగల్పా దగ్గర మగవాళ్లు వరసగా చనిపోయిన ఒక ఊరిని అక్కడివాళ్లు వితంతువుల దీవి అని పిలుచుకుంటారు. ఆ పేరు చదివిన రోజు నాకు మా తోటల్లో కొన్ని వీధులు కళ్ల ముందు మెదిలాయి.

మా దగ్గర బాగోగులు అడిగేటప్పుడు వానలెలా ఉన్నాయి, పిల్లలెలా ఉన్నారు అన్నాక, క్రియాటినిన్ ఎంతుంది అని కూడా అడుగుతారు. బడికి వెళ్లని ముసలమ్మలు సైతం దశాంశ బిందువుతో సహా చెబుతారు.

మాది కాశీబుగ్గ. నేను సినిమా బడిలో చదువుకుని డాక్యుమెంటరీకి రాలేదు, పెళ్లి వీడియోల నుంచి వచ్చాను. 2001లో మా బావగారి స్టూడియోలో చేరి భుజం మీద వీహెచ్ఎస్ కెమెరా పెట్టుకున్నాను. తాళి కట్టే వేళ పురోహితుడి మోచేతి కిందనుంచి దూరి తియ్యడం, లైటు పట్టుకునే కుర్రాడికి కంటితోనే సైగ చెయ్యడం, ఏ బంధువు ఎవరి తాలూకో భోజనాల బంతిలో చూసి పోల్చుకోవడం అక్కడ నేర్చుకున్నాను. మిక్సింగుకి టేపులు పట్టుకుని బరంపురం వెళ్లేవాళ్లం. సగం డబ్బు అడ్వాన్సు, సగం క్యాసెట్ చేతికిచ్చాక. క్యాసెట్ ఇవ్వడానికి వెళ్తే ఇల్లంతా టీవీ ముందు చేరేది. చూస్తూ చూస్తూ ఎవరో ఒకరు, "మా పెద్దత్తని తియ్యనేదేటి?" అనేవారు. ఆ పెద్దత్త మూల కూర్చుని ఏమీ అనేది కాదు. కానీ ఆ తరవాత పదేళ్లపాటు ఏ శుభకార్యంలో నేను కనిపించినా, "నన్ను తియ్యనోడివి నువ్వే గదా" అనేది.

అదంతా చిన్న పనే అనుకునేవాణ్ణి అప్పట్లో. ఎప్పుడు దీన్ని వదిలి పెద్ద పని చేస్తానా అని ఆరాటపడేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి చూస్తే, నా జీవితంలో నేను తీసినవాళ్లకి నేరుగా జవాబుదారీగా ఉన్న కాలం అదొక్కటే. బొమ్మ వాళ్లది. వాళ్లు చూసి ఒప్పుకుంటేనే నా కూలి నాకు ముట్టేది.

తరవాత ఒక చానెల్‌కి స్ట్రింగర్‌గా పనిచేశాను. కెమెరా చిన్నదైంది, మాట పెద్దదైంది. మనుషుల ముందు మైకు పెడితే చాలు, వాళ్లు లేచి నిలబడేవారు. డెస్కు నుంచి ఫోన్లు వచ్చేవి: ఏడుస్తున్న బైట్ ఉందా అని. ఏడవని మనిషి మాట ఎంత గొప్పదైనా అది వార్తయ్యేది కాదు. 2010 జులై 14న సోంపేట బీల దగ్గర ఉన్నాను. థర్మల్ కేంద్రం వద్దని ఊళ్లకి ఊళ్లు ఆ చిత్తడి నేలల మీద నిలబడ్డ రోజు అది. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ వెంటనే ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ పొద్దున ఆడవాళ్లు వరసకట్టి నడిచిన నడక, వాళ్ల చేతుల్లో పట్టుకున్నవి, వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్న పేర్లు, అన్నీ నా టేపులో ఉన్నాయి. టేపు చానెల్‌కి పంపాను. నలభై సెకన్లు చూపించారు. టేపు తిరిగి రాలేదు.

ఏటా జులై 14న అక్కడ చనిపోయినవాళ్లని తలుచుకుంటారు. మొదటి సంవత్సరీకానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, "అన్నా, ఆ రోజు నువ్వు తీసినావు గదా, ఒక్కసారి వేద్దుం" అన్నారు. లేదన్నాను. రెండో ఏడూ వచ్చారు. మూడో ఏడు రాలేదు. వాళ్లు అడగడం మానేశాక నాకు నిద్ర పట్టలేదు. ఆ ఊరి జీవితంలో అన్నిటికన్నా పెద్ద రోజు ఎక్కడో ఒక గిడ్డంగిలో, బహుశా మరో వార్త కింద చెరిగిపోయి ఉంది. దాన్ని అక్కడికి పంపింది నేనే.

ఆ పని మానేసి, అప్పుచేసి సొంత కెమెరా కొనుక్కుని ఉద్దానం తోటల్లోకి వెళ్లాను. స్వతంత్రంగా తీస్తున్నాను, ఎవరి డెస్కూ లేదు, ఇక తప్పు జరగదు అనుకున్నాను. మొదటి రోజే ఆ అమ్మ ఆ ప్రశ్న అడిగింది.

సినిమా 2018 మొదట్లో పూర్తయింది, యాభై రెండు నిమిషాలు. పేరులో మృత్యువు అన్న మాట పెట్టాను. వెనక వీణ మీద ఒక విషాద రాగం. హైదరాబాదులో ఒక హాల్లో వేశారు. లైట్లు వెలిగాక చాలామంది కళ్లు తుడుచుకున్నారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ మంచివాళ్లు, వాళ్ల కన్నీళ్లు నిజమైనవి. వేదిక మీద నిలబడి హాలంతా ఒకసారి చూశాను. ఉద్దానం మనిషి ఒక్కరూ లేరు, నేను తప్ప. సంచిలో ఆ మనుషులు వేలిముద్రలు వేసిన రిలీజు ఫారాలు ఉన్నాయి. ఏ దేశంలోనైనా, ఏ మాధ్యమంలోనైనా చూపించుకోవచ్చునని వాటిమీద ఇంగ్లీషులో రాసి ఉంది. వాళ్లకి చూపించాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆ రాత్రి రైల్లో తిరిగివస్తూ గిడుగు రామమూర్తి గారిని తలుచుకున్నాను. ఎందుకు గుర్తొచ్చారో చెబుతాను. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. పర్లాకిమిడిలో బడిపంతులు. తెలుగువాళ్లం ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని భాషా దినోత్సవంగా చేసుకుంటాం, వ్యావహారికం కోసం పోరాడాడని చెప్పుకుంటాం. మా ప్రాంతంలో చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ చుట్టుపక్కల కొండల మీది సవరల మాట నేర్చుకోవాలనిపించింది ఆయనకి. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నాడు, అడవుల్లో ఏళ్ల తరబడి తిరిగాడు. ఆ మాటల్ని రాసుకున్నాక ఆయన మొదట చేసిన పని, వాళ్ల పిల్లలు చదువుకునేందుకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచెయ్యడం. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి మంచి బడి పెట్టండి అన్నాడట. పండితులకి పనికొచ్చే సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పిల్లల వాచకాలు అంతకన్నా ఎన్నో ఏళ్లు ముందు వచ్చాయి. ఆ వరస నన్ను ఆపేసింది: ఎవరి దగ్గర తీసుకున్నాడో ముందు వాళ్ల చేతికి, ప్రపంచానికి తరవాత.

ఇంకొక సంగతి ఉంది, అది తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది. అడవుల్లో తిరగడం వల్ల ఆయనకి మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది, జీవితాంతం ఉండిపోయింది. ఇంకొకరి మాట వినడానికి కొండలెక్కి, ఆ వినడంలోనే చెవులు పోగొట్టుకున్నాడు.

సవర ఇళ్లలో గోడల మీద బొమ్మలు వేస్తారు. ఎర్రమన్ను పూసిన గోడ, బియ్యప్పిండి తెలుపు, అందులో మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. పోయిన పెద్దల కోసం, వాళ్లు ఇంటిని చల్లగా చూడాలని వేసే బొమ్మలవి. ఇప్పుడు అవి కాగితం మీదా, గుడ్డ మీదా వేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు, కళాకారులకి నాలుగు డబ్బులొస్తే మంచిదే. కానీ మొదట అది ఆ ఇంటి గోడకే చెందిన బొమ్మ. చనిపోయినవాళ్ల బొమ్మ బతికున్నవాళ్ల ఇంట్లోనే ఉండాలి అన్న ఆలోచన మా కొండల మీద ఎప్పటినుంచో ఉంది. తోటల్లో తిరిగిన నాకే తెలియలేదు.

తిరిగి చూపించడం అంటే ఓదార్చడమే అనుకునేవాణ్ణి మొదట్లో. విజయనగరం నాకు ఇంకోటి చెప్పింది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1897లో అచ్చయినప్పుడు ఆయన రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల పట్టిక తయారు చేయిస్తే, మూడేళ్లలో 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలున్నారు, ఏడాది పిల్లలూ ఉన్నారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది సర్వే, ఫీల్డు రిపోర్టు. దాన్ని దివాణంలోనే దాచుకోవచ్చు, కలెక్టరుకి పంపి ఊరుకోవచ్చు. అప్పారావు గారు నాటకం రాశారు, 1892లో విజయనగరంలోనే ఆడించారు. పిల్లల్ని అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, పెళ్లిళ్లు కుదిర్చినవాళ్లు, చిన్నప్పుడే అలా అమ్ముడుపోయిన తల్లుల కొడుకులు ఏ ఊళ్లో తిరుగుతున్నారో ఆ ఊళ్లో, వాళ్ల మాటల్లోనే. పట్నంవాళ్లకి పల్లె దురవస్థ చూపించడం ఒక పని. ఊరి ముఖం ఊరికే చూపించడం వేరే పని, దానికి ఇంకా ధైర్యం కావాలి. నేను చేసింది మొదటిదే.

శ్రీకాకుళంలో కథానిలయం మెట్లెక్కినప్పుడల్లా కూడా నాకు ఇదే అనిపిస్తుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఆ రెండంతస్తుల ఇల్లు కట్టించి తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చడం మొదలుపెట్టారు. హైదరాబాదులోనో చెన్నైలోనో అయితే పరిశోధకులకి వీలుగా ఉండేది. ఆయన శ్రీకాకుళంలోనే కట్టించారు. ఎక్కడెక్కడి నుంచో మనుషులు రైలు దిగి ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు.

ఇక నా సినిమాలో ఉన్న తప్పు నాకు కంటికి కనబడేలా చేసింది మాత్రం జహీరాబాదు దగ్గర పస్తాపూర్ ఆడవాళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చదువులేని రైతుకూలీలు, కెమెరా పట్టుకోవడం నేర్చుకుని సొంతంగా సినిమాలు తీశారు. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ గారు ఒకప్పుడు దూరదర్శన్‌లో నిర్మాత. టీవీ ఎవరి తరఫున మాట్లాడుతుందో లోపల ఉండి చూసిన మనిషి. 2023 మార్చిలో పోయారు. ఆ ఆడవాళ్లు షాట్లకి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. కెమెరా కింద ఉండి పైకి చూస్తే అది పటేల్ షాట్, ఎందుకంటే ఎత్తు అరుగు మీద కూర్చున్న పటేల్‌ని తాము ఎప్పుడూ అలాగే చూశారు. పైనుంచి కిందికి చూస్తే బానిస షాట్, పటేల్ తమని చూసేది అలాగే. ఎదురుగా కూర్చుని కంటికి కన్ను సమంగా తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి.

ఈ షాట్ల పేర్ల గురించి చదివిన సాయంత్రం నా సినిమా మళ్లీ వేసుకుని చూశాను. రోగులందరూ మంచాల మీద. నేను మంచం పక్కన నిలబడి, ట్రైపాడ్ నా ఛాతీ ఎత్తుకి పెట్టుకుని, కిందికి వంచి తీశాను. ఇరవై మూడు ఇంటర్వ్యూల్లో పందొమ్మిది బానిస షాట్లు. డాక్టర్లవి, అధికారులవి మాత్రం కంటికి సమంగా ఉన్నాయి, వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, నాకూ కుర్చీ వేశారు. నా గుండెలో ఏ దురుద్దేశమూ లేదు. నడుం నొప్పని నిలబడి తీశాను, అంతే. కానీ తెర మీద నా ఉద్దేశం కనబడదు, నా ఎత్తే కనబడుతుంది.

తెలుగులో ఇలాంటి దారి వేసినవాళ్లు ముందే ఉన్నారు. 1980లో బెంగుళూరులో దీపా ధనరాజ్, ఆమె స్నేహితులు యుగాంతర్ అనే బృందం కట్టారు. 1983లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి 'ఇది కథ మాత్రమేనా' అని తెలుగులో సినిమా తీశారు, ఇంట్లో భార్యలు తినే దెబ్బల గురించి. తమకీ, తమ చుట్టుపక్కల ఆడవాళ్లకీ జరిగిన సంగతులు కలబోసుకుని కథ అల్లుకున్నారు. ప్రొజెక్టరు మోసుకెళ్లి ఆడవాళ్ల గుంపుల మధ్య వేసి, వేశాక మాట్లాడుకునేవాళ్లు. ఆ తరం సినిమా ఆఖరి రీలు తరవాత మొదలయ్యే మాటల్ని కూడా సినిమాలో భాగంగానే చూసింది. మా జముకులకథలో వంత ఉన్నట్టు. కథకుడు ఒక్కడే చెబితే అది ఉపన్యాసం, వంత అందుకుంటేనే కథ నడుస్తుంది.

అయితే వెళ్లాలి, చూపించాలి అనుకునేలోపు తిత్లీ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఆ పొద్దున బయటికి వచ్చినవాళ్లకి ముందు ఆకాశం కనిపించింది. అంతవరకూ ఆ ఊళ్లలో అంత ఆకాశం లేదు. తాతలు పెట్టిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడ్డాయి, జీడితోటలు పడ్డాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి అయిదారేళ్లు. కిడ్నీ జబ్బుకి మందులు కొనుక్కునేది ఆ చెట్ల మీద వచ్చే డబ్బుతోనే.

2019 శివరాత్రి దాటాక, నేను మొదట తీసిన ఆ ఊళ్లో తుపాను షెల్టరు గోడకి దుప్పటి కట్టి సినిమా వేశాం. మూడొందల మంది వచ్చారు. నేను వెనక నిలబడ్డాను, కాళ్లు వణుకుతున్నాయి. ఎవరు ఏడుస్తారో, ఎవరు లేచి వెళ్లిపోతారో అనుకుంటున్నాను. మొదటి షాట్ డ్రోనుతో తీసింది, తోటల మీదుగా. జనం ఒక్కసారిగా "ఓలమ్మా!" అన్నారు. చెట్లని చూసి. అవేవీ ఇప్పుడు లేవు. ఒక ముసలాయన లేచి దుప్పటి దగ్గరికి వెళ్లి వేలు పెట్టి, "ఇది నాది. ఇది మా తమ్ముడిది. ఈ నాలుగూ మా అయ్య పెట్టినవి" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన నీడ తెరమీద పడుతున్నా ఎవరూ కూర్చోమనలేదు. నాకు ఆ షాట్ అందం కోసం పెట్టిన ఎనిమిది సెకన్లు. వాళ్లకి అది దస్తావేజు.

తరవాత మనుషులు వచ్చారు. సినిమాలో మాట్లాడినవాళ్లలో అప్పటికే తొమ్మిదిమంది లేరు. ఒక్కొక్కరు తెరమీదకి రాగానే జనంలోంచి పేరు వినిపించేది, పక్కన వరస కూడా: మావ, సిన్నాన్న, అప్ప. ఏడుపులు వినబడ్డాయి. కానీ నవ్వులు కూడా వినబడ్డాయి, నేను ఊహించనివి. ఒకాయన తెరమీద చాలా గంభీరంగా మాట్లాడుతుంటే ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన జీవితంలో ఎన్నడూ అలా మాట్లాడి ఎరుగడట. నా కెమెరా చూసి పుస్తకం భాష మాట్లాడాడట.

అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లే ఒకావిడ చేతులు చాపి చూపించింది, జీడి జిడ్డుతో నల్లగా కాలినవి. "రోగం వొచ్చినోల్ని సూపించినావు. ఆల్ని సాకుతున్న సేతుల్ని సూపించనేదు" అంది. ఇంకొకాయన, "పాట తీసీ బావూ. ఆ వీణ ఇంటంటే మేం అప్పుడే సచ్చిపోనట్టుంది" అన్నాడు. వీణ బొబ్బిలిదని, మన ప్రాంతపు వాద్యమని ఎంతో మురిసి పెట్టుకున్నాను. ఆయన మాట తరవాత దాన్ని నేను వినలేకపోయాను.

చివర ఒక కుర్రాడు లేచాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. "అన్నా, నువ్వు పేరు మృత్యువని పెట్టినావు. ఊరి బోర్డు చూపించినావు. ఇది ఫోన్లలో తిరుగుతాది. ఇప్పటికే మా ఊరికి పిల్లనివ్వడం నేదు. మా నీళ్లు తాగాలని బయపడుతున్నారు. రెండు సమ్మందాలు తప్పిపోనాయి నాకు" అన్నాడు.

ఏళ్ల తరబడి ఆ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసి బతికినవాణ్ణి. ఆ కుర్రాడి అక్క పెళ్లి తీసింది కూడా నేనే. నా సినిమా ఆ ఇంటి తరవాతి పెళ్లికి అడ్డం పడుతుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. నిజం చూపించాలి, అందులో సందేహం లేదు. దాచిపెట్టి ఉంటే డయాలసిస్ కేంద్రాలు వచ్చేవి కావు, రోగులకి నెలకి పదివేల పింఛను వచ్చేది కాదు, 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకునేది కాదు, హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్లు వచ్చేవి కావు. గొంతెత్తినవాళ్లు, రాసినవాళ్లు, తీసినవాళ్లు ఎందరో ఉంటేనే అవి వచ్చాయి. అయినా ఆ నిజానికి ధర కడుతున్నది ఎవరు అని కూడా అడగాలి. హైదరాబాదు హాల్లో చప్పట్లు నాకు. తప్పిపోయిన సంబంధాలు ఆ కుర్రాడికి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాక నేను ఆ సినిమాని అలా వదిలెయ్యలేకపోయాను.

ఏడు నెలలు పట్టింది మళ్లీ తియ్యడానికి. ఊరి పేరు తీసేశాను. వీణ తీసేశాను. ఆ చోట తోటలో పొద్దుటి చప్పుళ్లు ఉంచాను, కొబ్బరిమట్ట పడే చప్పుడుతో సహా. జీడి కొట్టే ఆడవాళ్ల చేతులు వచ్చాయి. మంచం మీద మనిషిని తియ్యాలంటే నేల మీద మఠం వేసుకుని కూర్చుంటున్నాను, కెమెరా ఒళ్లో పెట్టుకుని. అలా కూర్చుంటే నడుం పట్టేస్తుంది, కానీ మనిషి మొహం మారుతుంది. నా వంక చూసే చూపులో విన్నపం పోతుంది. మధ్యలో ఆపి, "టీ తాగుతావా?" అని అడుగుతారు. ఇప్పుడు రిలీజు ఫారం తెలుగులో రాసుకున్నాను. తీసిందంతా ముందు మీకు చూపిస్తాను, వద్దన్నది తీసేస్తాను, కాపీ మీ ఇంటికి తెచ్చిస్తాను అని మూడు మాటలున్నాయి అందులో. సినిమా తీసే మిత్రులు కొందరు, అలా అయితే అధికారుల్నీ కంపెనీల్నీ కూడా అడిగి తీసెయ్యాలా అన్నారు. అక్కర్లేదు. బలం ఉన్నవాడికి చెప్పుకోవడానికి వేరే వేదికలున్నాయి. ఈ ఫారం నులకమంచం మీది మనిషికి.

ఆ మొదటి ఇంటికి వెళ్లడానికి మాత్రం నాకు చాలాకాలం కాళ్లాడలేదు. ఆ ఇంటాయన తిత్లీ వచ్చిన రెండు నెలలకి పోయాడు. షెల్టరు దగ్గర సినిమా వేసిన రాత్రి ఆమె రాలేదు, ఏడాది తిరగలేదు కదా. తరవాతి ఎండాకాలంలో వెళ్లాను. అరుగు మీద మంచం లేదు. ఆమె గడప దగ్గరే ఉంది. చేతిలో అదే కత్తి, ఈనెలు తియ్యడానికి కొబ్బరాకులు మాత్రం పక్క ఊరినుంచి కొనుక్కొచ్చినవి.

చెన్నైలో పనిచేసే కొడుకు సెలవుకి వచ్చి ఉన్నాడు. అతని ఫోన్లో కార్డు పెట్టి, కొత్తగా కూర్చిన సినిమా వేశాను. అందులో ఆయన కనిపించేది యాభై సెకన్లు. ఆమె చూసి, "అంతేనా? ఆ రోజు శానాసేపు మాటాడినాడు గదా బాబూ" అంది. నిజమే, గంటన్నర మాట్లాడాడు. నేను సినిమాకి పనికొచ్చింది ఏరుకుని తక్కినది డిస్కులో ఉంచేశాను. అదృష్టం కొద్దీ ఈసారి టేపు ఎవరికీ పంపలేదు. లాప్‌టాప్ తెరిచి, ఆ గంటన్నరా ఉన్నదున్నట్టు కార్డులోకి ఎక్కించాను. జబ్బు గురించి చెప్పింది అందులో పావుగంటే. మిగతాదంతా కొబ్బరి మొక్కల గురించి, ఏ తోటకి ఏ విత్తనం ఎక్కడినుంచి తెచ్చాడో, కవిటి సంతలో ఒకప్పుడు కాయ ధర ఎంతో, పెళ్లయిన కొత్తలో సోంపేట టాకీసులో భార్యతో చూసిన సినిమా పేరేమిటో. ఆ పేరు గుర్తురాక ఆయన చాలాసేపు ఆగుతాడు. గడప దగ్గరినుంచి ఆమె గొంతు అందిస్తుంది.

కొడుకు ఫోను అరుగు మీద పెట్టాడు. ఆమె తెరవంక ఒక్కసారి చూసి, సౌండు పెంచమంది. పెంచాడు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె కత్తి అందుకుని కొబ్బరాకు ఒళ్లోకి లాక్కుంది.